పొయ్యిలోకి పోయిన గరిటెలు

కొండ కింద గరిటెల వీధిలో కాశింబీ అనే ఆమె ఉండేది; పనికి కొత్తదైనా చేతికి ఒడుపుంది కానీ, తన తప్పు ఎవరి కంట పడుతుందోనని ఆమెకు ఎప్పుడూ భయమే.

ఆ వీధి వాళ్ళంతా చెక్కతో గరిటెలు, అట్లకాడలు చెక్కి బతికేవారు. హుసేనమ్మ అనే పెద్దావిడ తన ఇంటి ముందు పందిరి కింద కొత్తవాళ్ళకు పని నేర్పేది. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. చెడిపోయిన ప్రతి గరిటెనూ పందిరి మధ్యలో ఉన్న వెదురు గంపలో వేయాలి. గురువారం సాయంత్రం హుసేనమ్మ ఆ గంపను బోర్లించి, ఒక్కో ముక్కా తీసి, "ఇది ఎవరి ఘనకార్యం?" అని అడిగేది. చేసిన మనిషి చెయ్యెత్తాలి. అందరూ కాసేపు నవ్వేవారు. నవ్వులు అయ్యాక, ఉలి ఎక్కడ దారి తప్పిందో ఆమె వేలు పెట్టి చూపించేది.

ఆ నవ్వంటే కాశింబీకి చచ్చేంత భయం. వాళ్ళు నవ్వేది ముక్కను చూసి. ఈమెకు మాత్రం తనను చూసే నవ్వబోతున్నట్టు ఉండేది. అందుకే గరిటె పగలగానే అటూ ఇటూ చూసి, గబుక్కున కొంగు చాటున దాచేది. ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెట్టేది. ఆ మంట మీద అన్నం ఉడికేది గానీ ఆమె మనసు కుదుటపడేది కాదు. "రేపు కూడా పగిలితే ఎలా?" అనుకుంటూ ముద్ద మింగేది.

అట్లకాడలు ఆమెకు బాగానే వచ్చేవి. గుంట గరిటెలతోనే చిక్కు. వాటిలో అదృష్టం కొద్దీ ఏదో ఒకటి నిలిచేది. దాన్ని మాత్రం తెచ్చి హుసేనమ్మ ముందు పెట్టేది. చెక్క ఎందుకింత అయిపోతోందని ఎవరైనా అడిగితే, "ముడులున్నాయి, పారేశాను" అనేది.

"మా కాశింబీ చెయ్యి బంగారం," అని హుసేనమ్మ మురిసిపోయేది. ఆమె మెచ్చుకున్నకొద్దీ కాశింబీ భయం ఇంకా పెరిగేది. పాపం, ఆ మెప్పు కూడా ఆమెను పీక్కుతినేది.

ఒకరోజు పెంచలయ్య అనే రైతు ఒక జామ మొద్దును కండువాలో చుట్టుకుని తెచ్చాడు.

"మా ఇంటామె నాటిన చెట్టమ్మా ఇది," అన్నాడు. "ఆమె పోయింది. మొన్న గాలికి చెట్టూ పడిపోయింది. మావోళ్ళు కట్టెలకు కొట్టేసినారు. ఇదొక్కటే మిగిలింది. వచ్చే వారం ఆమె సంవత్సరీకం. పాయసం వడ్డించేదానికి పెద్ద గరిటె చేసియ్యండి. చెడిపోతే మళ్ళా తెచ్చేదానికి నా దగ్గర ఇంకో ముక్క లేదు."

హుసేనమ్మ ఆ మొద్దును తీసుకుపోయి కాశింబీ ఒళ్ళో పెట్టింది. "నువ్వు చెయ్యమ్మే. నీ చేతిలో చెక్క చెడదు," అంది.

"నాకు చేతకాదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాశింబీ ఆ మాట అనకుండా మొద్దును కొంగులో చుట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించలేదు. మొద్దును బాడిసతో చెక్కి, కాడ తీర్చింది. అంతవరకు బాగానే ఉంది. గుంట తవ్వే రోజున మాత్రం ఇంట్లోనే తలుపు వేసుకుని కూర్చుంది. వంపు ఉలి పట్టుకుని, కాడ వైపు నుంచి ముందుకు తోస్తూ పోయింది. గుంట లోతైంది. ఇంకొక్కసారి తోస్తే చాలు అనుకుంది. ఉలి గుంట అడుగు దాటి అవతలి అంచు మీదికి ఎక్కింది. టప్పుమని చప్పుడై అంచు నిలువునా చీలింది.

ఒక మనిషి తన భార్య గుర్తుగా మిగుల్చుకున్న చెక్క అది.

అంత దుఃఖంలోనూ ఆమె బుద్ధి పాత దారే పట్టింది. జామ చెక్క ఎక్కడైనా జామ చెక్కే కదా, పెంచలయ్యకు ఏం తెలుస్తుంది? పక్కింటి పెరట్లో నరికి పడేసిన జామ కొమ్మను అడిగి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే కూర్చుని రెండో గరిటె మొదలుపెట్టింది. ఊపిరి బిగబట్టి, ఎంతో జాగ్రత్తగా గుంట తవ్వింది. అదీ చీలింది. సరిగ్గా అదే చోట.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండు చీలికలూ ఒకేలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ పొయ్యిలో పెట్టినవి కూడా అక్కడే చీలాయేమో! ఆమె వాటిని ఎప్పుడైనా సరిగ్గా చూస్తే కదా తెలియడానికి? ఊళ్ళో ఉన్న జామ కొమ్మలన్నీ తెచ్చినా ఇంతే అవుతుందని ఆమెకు అర్థమైంది. రెండు గరిటెలూ చేత పట్టుకుని పందిరి కిందికి నడిచింది.

"పెద్దమ్మా, ఇవి రెండూ నేను చెడగొట్టినవే," అంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

హుసేనమ్మ చీలిక మీద బొటనవేలు పెట్టి చూసింది. "అడుగు దాటినాక కూడా ఉలిని అట్నే తోసినావు. కాడ పక్క నుంచి అడుగు దాకా రావాల, అక్కడ ఆపాల. గరిటె తిప్పుకోని, ఆ పక్క నుంచి మళ్ళా అడుగు దాకా రావాల. ఎప్పుట్నుంచి చేస్తుండావు ఇట్టా?"

"మొదట్నించీ."

"మరి గంపలో నీది ఒక్కటీ లేదే?"

"పొయ్యిలో పెట్టినాను పెద్దమ్మా."

హుసేనమ్మకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించుంటే ఆ పొద్దే చెప్పుండేదాన్ని గదమ్మే. ఇప్పుడు ఆయనకి ఏం చెప్పేది?"

"నేనే చెప్తాను," అంది కాశింబీ.

పెంచలయ్య వచ్చాక ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. పక్కింటి కొమ్మ సంగతి కూడా చెప్పింది. తన మొద్దుతో చేసిన గరిటెను ఆయన అరచేతుల్లో పెట్టుకుని చీలికను వేలితో తడిమాడు. ఆయన తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇందులో పగలంది ఏమన్నా ఉందా?" అని చివరికి అడిగాడు.

"కాడ మొదలు లావుగా ఉంది. చిన్న నేతి గరిటె వస్తుంది," అంది కాశింబీ.

"చెయ్యి. నేను ఇక్కడే కూర్చుంటా."

అందరి ముందూ, ఆయన ముందూ కూర్చుని కాశింబీ ఉలి పట్టుకుంది. ఎక్కడ ఆపాలో ఇప్పుడు తెలుసు. కాడ పక్క నుంచి అడుగు దాకా వచ్చింది, ఆపింది. గరిటె తిప్పి, ఆ పక్క నుంచి మళ్ళీ అడుగు దాకా వచ్చింది. నేతి గరిటె చీలకుండా నిలిచింది.

పెంచలయ్య దాన్ని కండువా చెంగున ముడి వేసుకున్నాడు. "అందరికీ దీంతో వడ్డించలేం," అన్నాడు. "ఆమె విస్తరిలో వడ్డించేదానికి మాత్రం చాలు."

ఆయన వెళ్ళిపోయిన దారినే చూస్తూ కాశింబీ ఏడ్చింది.

పని నేర్చుకునేటప్పుడు చేసిన తప్పును దాచుకుంటే, అది మన చేతిలోనే ఉండిపోయి ఒకనాడు ఇంకొకరికి నష్టం తెస్తుంది. అందుకే తప్పును సిగ్గుపడకుండా నేర్పేవాళ్ళకు చూపించి, వెంటనే దిద్దుకోవాలి.