తెల్లకోళ్ళకు గురవక్క అల్లిన తడిక

దివిటికొండ అనే చిన్న రాజ్యాన్ని ఒకానొక కాలంలో రణమల్ల రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గాని, కోట ప్రస్తావన వస్తే మాత్రం పట్టపగ్గాలుండేవి కావు. "మా ఆజ్ఞ లేనిదే ఈ కోటలోకి చీమైనా రాదు, ఇందులోంచి ఈగైనా పోదు" అని వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవాడు. విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. రాజుగారి మాటకు తలూపక ఏం చేస్తారు?

ఒక ఏడాది రాజుగారి మామగారు అల్లుడికి కానుకగా పన్నెండు తెల్లకోడి పెట్టలనూ ఒక పుంజునూ పంపించాడు. పాలనురుగులాంటి ఈకలు, మంకెనపువ్వులాంటి జుట్లు. "వానలు వెనకబట్టాక వచ్చి చూస్తాను, పెరట్లో బాగా పెంచండి" అని కబురు కూడా పెట్టాడు. రణమల్ల రాజు శత్రువులకు జంకడు గాని, మామగారి ముందు కాస్త ఒదిగే ఉంటాడు.

వెంటనే కోటగోడలూ బురుజులూ చూసుకునే దుర్గాధ్యక్షుడు కాళప్ప నాయకుణ్ణి పిలిపించాడు. కాళప్ప రాజుకన్న ఒక పిసరు ఎక్కువే బింకం గల మనిషి. అంతఃపురం పెరట్లో కోళ్ళకోసం ఒక బుల్లి రాతికోటే కట్టించాడు. రెండు నిలువుల గోడ, గోడతల మీద మనిషి నడవగలిగినంత చదును, కావలివాడు ఎక్కడానికి లోపలివైపు మెట్లు, వాననీరు పోవడానికి అడుగున తూము, ఇనుప చువ్వల తలుపు, తలుపు ముందు బల్లేలతో ఇద్దరు భటులు.

వారం తిరక్కుండానే పెట్టలు తగ్గసాగాయి. నెలయ్యేసరికి ఆరు పెట్టలూ పుంజూ మిగిలాయి.

"ఇది దొంగల పని ప్రభూ" అన్నాడు కాళప్ప. "ఆ రాతిగోడకు అవతలే మేదరవీధి ఉంది. వాళ్ళ ఇళ్ళనిండా కోళ్ళే."

"మన కోళ్ళు తెల్లనివి కదా, తెలిసిపోదూ?"

"కూర వండుకున్నాక తెలుపేమిటి, నలుపేమిటి ప్రభూ?"

రాజుకు ఆ మాట సబబుగానే తోచింది. మేదరవీధి కోళ్ళన్నిటినీ పట్టి తెమ్మన్నాడు. పదిరోజుల్లో దొంగను అప్పగించకపోతే వీధి మొత్తం రాజ్యం విడిచి పోవాలని చాటింపు వేయించాడు.

ఆ వీధి చివరింట్లో గురవక్క అనే మేదరామె ఉండేది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక చేటలూ గంపలూ తడికలూ అల్లి ఇద్దరు ఆడపిల్లలను పెంచి పెద్ద చేసింది. ఆమె పెరట్లో పద్నాలుగు కోళ్ళు, వాటి చుట్టూ రొమ్ములెత్తు వెదురు తడిక. తొమ్మిదేళ్ళలో ఒక్క కోడిని కూడా పోగొట్టుకోలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది.

భటులు వచ్చి ఆమె అల్లిన గంపల్లోనే ఆమె కోళ్ళను కుక్కి తీసుకుపోయారు. అప్పుడు ఊరుకుంది. కాని ఎందుకు తీసుకుపోతున్నారో చాటింపులో విన్నాక ఆమెకు ఒళ్ళు మండింది. చేతిపని చేసుకు బతికే వీధి అది. దొంగలన్న మాట ఎన్నడూ పడి ఎరగదు.

కొంగు బిగించి బయలుదేరుతుంటే పక్కింటి బయ్యన్న అడ్డం వచ్చాడు. "రాజుగారితో మాటకు మాట ఏమిటే గురవా? పది రోజులున్నాయి, కాళ్ళావేళ్ళా పడదాం."

"తప్పు చేసుంటే కాళ్ళు పట్టుకుందును మావా. చెయ్యలేదు గనక నిలబడే మాట్లాడతాను" అని గురవక్క నేరుగా సభకు వెళ్ళింది.

సభలో దండం పెట్టి, "మహాప్రభూ, చదువులేనిదాన్ని, ఒక్క సందేహం తీర్చండి" అంది. "తమ ఆజ్ఞ లేనిదే ఈ కోటలోంచి ఈగైనా పోదంటారు. నిజమేనా?"

"ముమ్మాటికీ నిజం" అన్నాడు రాజు.

"ఆరు పెట్టలు పోయాయంటున్నారు. అయితే అవి తమ ఆజ్ఞతోనే పోయి ఉండాలి. ఆజ్ఞ ఇచ్చినవారు ఇక్కడ కొలువుతీరి ఉండగా, దొంగను మా వీధిలో వెతకడమెందుకు ప్రభూ?"

సభలో ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. రాజు మొహం కందగడ్డలా అయింది. అవునంటే దోషం తనది, కాదంటే ఇన్నాళ్ళ గొప్పలు గాలికి పోతాయి.

"మాటలు బాగా అల్లుతున్నావే" అన్నాడు చివరకు.

"తడికలు ఇంకా బాగా అల్లుతాను ప్రభూ. నా పద్నాలుగు కోళ్ళనూ నాయకులవారు కట్టిన రాతికోటలో వదిలించండి. పొద్దు వాలేవేళకు తమరొకసారి మా వీధికి దయచెయ్యండి. మీ పెట్టలు ఎలా పోయాయో నేను చెప్పనక్కర్లేదు, మీ కళ్ళతో మీరే చూడవచ్చు."

సభలో అంతమంది ముందు కాదనలేక రాజు సరేనన్నాడు.

పొద్దు వాలుతుండగా రాజూ కాళప్పా మేదరవీధికి వచ్చి గురవక్క పెరటి దగ్గర నిలబడ్డారు. కాసేపటికి రాతిగోడ మీద ఒక ఎర్రపెట్ట కనిపించింది. దాని వెనక ఇంకొకటి. కావలివాడికోసం కట్టిన మెట్లమీదుగా ఒక్కొక్కటే ఎక్కి, గోడతల చదును మీద తీరిగ్గా నడిచి, రెక్కలు టపటపలాడించి ఇవతలికి దిగాయి. గూడు చేరే వేళ దాటిపోతున్నట్టు వడివడిగా నడిచొచ్చి గురవక్క తీసి ఉంచిన తలుపులోంచి పెరట్లో చేరాయి. రాజు లెక్కపెట్టాడు. పద్నాలుగూ వచ్చాయి. అవతల భటులిద్దరూ ఇనుప తలుపు ముందు దొంగకోసం బయటికే చూస్తూ నిలబడి ఉన్నారు.

"కోడికి సందె పడితే తన గూడే గుర్తొస్తుంది ప్రభూ" అంది గురవక్క. "నావాటికి ఇల్లు దగ్గర, వచ్చేశాయి. మామగారి ఊరి కోళ్ళకు ఇక్కడ ఇల్లేది? గోడ దిగి తుప్పల్లో పడ్డాయి. చూడండి." గోడవారనే ఉన్న తుప్పల్లోంచి పిడికెడు తెల్ల ఈకలు తీసి చూపింది. "ఇది అడవిపిల్లి పని. దిగనివాటికోసం తూములోంచి ముంగిస లోపలికే వస్తుంది. దాని అడుగులు బురదలో ఉన్నాయి."

రాజు కాళప్ప వైపు చూశాడు. కాళప్ప గోడ వైపు చూశాడు.

రాజు మేదరవీధి కోళ్ళన్నిటినీ తిరిగి ఇప్పించి, చాటింపును రద్దు చేయించాడు. కాని అభిమానం అంత తొందరగా చావదు కదా. "తప్పు పట్టడం తేలిక, గురవక్కా. మిగిలిన ఏడింటినీ నెలరోజులు నువ్వు కాపాడి చూపించు" అన్నాడు.

కాళప్ప అందుకున్నాడు. "రాయి వాడకూడదు, ఇనుము వాడకూడదు, కావలి ఉండకూడదు. తడిక నీ రొమ్ములెత్తు దాటకూడదు. ఒక్క కోడి పోయినా నువ్వు రాజ్యం విడిచిపోవాలి."

"అవన్నీ ఎప్పుడు వాడాను గనక నాయకా" అని గురవక్క ఒప్పుకుంది.

మర్నాడే అంతఃపురం పెరట్లో పని మొదలుపెట్టింది. ముందు చుట్టూ గాడి తవ్వింది. తడిక అడుగుభాగాన్ని మూరెడు వెడల్పున బయటివైపుకు వంచి, ఆ గాడిలో పరిచి మట్టి కప్పి తొక్కింది. మోకాటి ఎత్తు వరకూ వేలు దూరనంత బిగువుగా అల్లింది, ఆ పైన కాస్త వదులుగా. తడిక తల మీద అడ్డబద్ద కట్టలేదు. సన్నని వెదురు కొసలను కత్తిరించకుండా అలాగే వదిలేసింది. గాలికి అవి ఊగుతుంటే చూడటానికి పని సగంలో ఆపినట్టుండేది. గద్దలు వాలకుండా పైన ఎత్తుగా గుంజలకు పాత చేపలవల కట్టింది. కోళ్ళను ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని, నొప్పి తెలియకుండా ఒక్క రెక్క ఈకల కొసలు మాత్రం కత్తిరించింది.

కాళప్ప వచ్చి చూసి ముక్కు చిట్లించాడు. "దీన్ని నేనొక తన్ను తంతే పడిపోతుంది."

"తమరు తంతే పడిపోతుంది. కోడి తన్నదు కదా" అంది గురవక్క. "తమరు ఏనుగును తలుచుకుని కట్టారు. నేను కోడిని తలుచుకుని అల్లాను."

పైకి అలా అన్నదేగాని, ఆమెకూ లోపల గుబులు లేకపోలేదు. సొంత పెరట్లో అల్లడం వేరు, ఊరు విడిచిపోవాలన్న షరతు నెత్తిన పెట్టుకుని అల్లడం వేరు. తొమ్మిదో నాడు తెల్లవారుజామున వచ్చి చూసేసరికి తడిక మొదట్లో మట్టి చెల్లాచెదురుగా ఉంది. గురవక్క గబగబా దగ్గరికి వెళ్ళింది. కూర్చుని చేత్తో తడిమి చూసింది. ముంగిస తడికవారగా జానెడు లోతు తవ్వింది. కింద పరిచిన అల్లిక తగిలింది. పక్కన ఇంకోచోట తవ్వింది. అక్కడా అదే. నాలుగుచోట్ల తవ్వి, విసిగి వెళ్ళిపోయింది. లోపల ఏడు కోళ్ళూ నూకలు ఏరుకుంటున్నాయి.

గురవక్క ఆ గుంటలను పూడ్చలేదు. కాళప్ప వచ్చి చూసేదాకా అలాగే ఉంచింది.

ఆయన వచ్చాడు, వంగి చూశాడు. ఆ రోజు నుంచి పొద్దునపూట పెరటికి వచ్చి కోళ్ళను చూస్తూ నిలబడటం మొదలుపెట్టాడు. ఒక పెట్ట ఎగరాలని మెడ చాచి తడిక తల వైపు చూడటం, ఊగే కొసల మీద కాలు మోపే చోటు కనబడక మానుకోవడం ఆయన కళ్ళపడింది. "అడ్డబద్ద ఎందుకు కట్టలేదో ఇప్పుడు తెలిసింది. దీని మీద పిల్లికైనా కాలు నిలవదు" అన్నాడు మెల్లిగా. దుర్గాధ్యక్షుడి నోట ఆ మాట వినడం గురవక్కకు ఇన్నాళ్ళూ పడ్డ శ్రమకు చాలిన ఫలమనిపించింది.

గడువు రోజునే మామగారు దిగాడు. రాజు ఆయన్ని పెరట్లోకి తీసుకువచ్చాడు. తడిక తలుపు తీసి గురవక్క పక్కన నిలబడింది. లోపల ఆరు పెట్టలూ పుంజూ, ఒక పెట్ట వెనకాల పదకొండు పసుప్పచ్చని పిల్లలు.

"ఏడు అప్పగించారు ప్రభూ. పద్దెనిమిది అప్పజెబుతున్నాను" అంది గురవక్క. "పిల్లలు చేతిలో పట్టేంత ఉన్నా, ఒక్కటీ బయటికి జారలేదు."

మామగారు తడికను చేత్తో నిమిరి చూశాడు. అవతలున్న ఖాళీ రాతికోటను కూడా చూశాడు. "ఇదేమిటి అల్లుడూ, రెండు కట్టించావు?"

రాజు ఒక క్షణం మీసం సవరించుకున్నాడు. తర్వాత తనలో తానే నవ్వు మొదలుపెట్టి, ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. "మామగారూ, ఆ రాతిది మా గొప్పకోసం కట్టాం. ఈ తడిక మీ కోళ్ళకోసం ఈమె అల్లింది" అన్నాడు. మామగారూ నవ్వాడు, పోయిన ఆరింటి కథంతా విని మరీ నవ్వాడు.

రాజు తన భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి గురవక్కకు కప్పాడు. "ఇంకా ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నాకని వేరే ఏమీ వద్దు ప్రభూ. దివిటికొండ అడవిలో వెదురు కొట్టుకోవడానికి మా వీధివాళ్ళకు అడ్డు లేకుండా చెయ్యండి. ఈ రాజ్యంలో ఏ పెరటికైనా మేమే తడిక అల్లిపెడతాం."

రాజు అక్కడికక్కడే శాసనం రాయించాడు. తర్వాత ఆమెను పోనివ్వకుండా, గొంతు తగ్గించి, "గురవక్కా, ఆ చేత్తోనే మా పెద్దకోటను కూడా ఒకసారి చూసిపెట్టు. ముంగిస దూరే చోటు ఎక్కడైనా ఉందేమో" అన్నాడు.

గురవక్క పట్టు ఉత్తరీయం నడుముకు చుట్టి ముందు నడిచింది. వెనక రాజు, ఆ వెనక మామగారు, కొలత తాడు పట్టుకుని కాళప్ప. దక్షిణపు బురుజు కింద పెద్ద తూము దగ్గర ఆగి ఆమె వంగి చూసింది.

"ఇక్కడ ముంగిస కాదు ప్రభూ," అంది, "బల్లెం పట్టుకున్న మనిషే దూరుతాడు. నాయకా, కొలత వెయ్యండి."

కాళప్ప మోకాళ్ళ మీద కూర్చుని కొలత వేశాడు.