గడప నుంచి పొయ్యి దాకా

సఫూరాకు కాలు ఒకచోట నిలవదు. కూర్చున్నచోట కూర్చోలేదు. ఒక పని చేస్తూ రెండో పని గురించి ఆలోచిస్తుంది, రెండోది మొదలుపెట్టి మూడోదాని కోసం వీధిలోకి తొంగిచూస్తుంది. కాలుగాలిన పిల్లిలా తిరిగే ఆ పిల్లను ఎడారి అంచున ఉన్న ఆ చిన్న ఊళ్లో అందరూ సుడిగాలి అని పిలిచేవాళ్లు.

ఆ ఊరి చివర యాకూబ్ షా అనే ఫకీరు ఉండేవాడు. ఆయన శిష్యులు ఎవరి ముందూ చెయ్యి చాపరు. పాత ఇళ్లలో రాతి నేలలు బాగుచేసి బతుకుతారు. అక్కడ ఇళ్లన్నీ పసుపు రాతివే. గాలి రోజూ ఇంత ఇసుక తెచ్చి గుమ్మంలో పోసిపోతుంది. ఆ ఇసుక కాళ్ల కింద నలిగి రాయిని గీరేస్తుంది. పైన పొగ, నూనె, ఒలికిన పాలు. కొన్నేళ్లకు నేల రంగు ఏమిటో ఇంటివాళ్లకే గుర్తుండదు. అప్పుడు యాకూబ్ షాకు కబురు వెళుతుంది. ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు.

సఫూరాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. కిటికీల్లోంచి చూసి నేర్చుకుంది. తమ ఇంటి మెట్లను తానే రుద్ది, రెండు పాడుచేసి, మూడోది బాగుచేసి, ఆ ధైర్యంతో ఉస్తాద్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఉస్తాద్, నా మనసు ఒకచోట నిలవదు. జపించుకోవడానికి ఏదైనా నామం చెప్పండి."

"నేల ఊడువు," అన్నాడు ఉస్తాద్.

ఊడ్చింది. చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"ఊడ్చేశాను."

"ఇసుక ఉంది."

"ఇది ఎడారి కదా ఉస్తాద్. ఇసుక ఎప్పుడూ ఉంటుంది."

"మరి చీపురెందుకు పక్కన పెట్టావు?"

అలా చేరింది. చేరిన రోజు నుంచీ ఆమె కన్ను ఒకేదాని మీద. ఉస్తాద్ మోకాళ్ల కింద వేసుకునే గోనె.

ఆ శిష్యుల్లో ఒక ఆచారం ఉంది. ఒంటరిగా ఇంకొకరి ఇంటి నేల ముట్టుకునే అర్హత వచ్చిందనుకున్న రోజున, ఉస్తాద్ తన మోకాటి గోనెను ఆ శిష్యుడి చేతికిచ్చి, తనకు కొత్తది కుట్టుకుంటాడు. సర్టిఫికెట్ అంటే అదే, దీవెన అంటే అదే. సఫూరా కంటే చాలా ముందే చేరిన జుమ్మన్ దగ్గర అలాంటి గోనె ఒకటి ఉంది. నడుం నొప్పి అని మూలుగుతూనే దాన్ని రోజూ ఎండకు ఆరేసేవాడు, అందరికీ కనపడేలా.

"ఉస్తాద్, నాకెప్పుడు?" అనేది సఫూరా.

"ఏమిటి?"

"మీకు తెలుసు."

ఉస్తాద్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. తన వయసు గడిచిపోతోందని, ఊళ్లో నేలలన్నీ వేరేవాళ్లు బాగుచేసేస్తున్నారని, లోకం తనను వదిలేసి ఎటో వెళ్లిపోతోందని అనిపించేది.

చివరికి ఒక ఉదయం ఉస్తాద్ ఆమెను వెంటబెట్టుకుని హుర్మత్ దాదీ ఇంటికి తీసుకెళ్లాడు. దాదీ పెద్దావిడ, ఒంటరిగా ఉంటుంది. కూతురు జుబైదా పక్కవీధిలోనే. ఇల్లంతా కలిపి ఒకటే పెద్ద గది. గడప దాటితే ఎదురుగా పొయ్యి, పొయ్యికి కుడివైపు నీళ్ల కుండ, కిటికీ పక్కన నమాజు చాప. ఎప్పుడో కొడుకు మెరుపు కోసమని నేలకు వార్నిష్ వేయించాడట. ఇప్పుడదంతా నల్లబడి, పెచ్చులు లేచి, మాడిన అట్టులా ఉంది.

"ఎవరి పిల్లవమ్మా?" అంది దాదీ, చెప్పుల్లేని కాళ్లతో సరాసరి నడిచి వచ్చి చాయ్ గ్లాసు అందిస్తూ. "నీ కాళ్లకు భలే తొందర."

గ్లాసు కాస్త పక్కకు వచ్చింది. సఫూరా చెయ్యి చాపి అందుకుంది. చూపు మాత్రం నేల మీదే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పటికల్లా పూర్తిచేయాలి, గోనె ఎప్పుడిస్తాడు. చాయ్ ఒక్క గుక్కలో తాగేసి నాలుక కాల్చుకుంది.

ఉస్తాద్ వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"బయటి నుంచి వచ్చింది తియ్యి. ఇంటికి చెందింది ముట్టుకోకు."

"అంతేనా?"

"అంతే."

దుమ్ము పడదని దాదీ పని అయ్యేదాకా కూతురింటికి వెళ్లింది. సఫూరా తలుపు వేసుకుంది.

మొదట బాగానే చేసింది. పొడి నేలను ఊడ్చింది. ఇసుక ఉండగా నీళ్లు తగిలితే ప్రతి రేణువూ గోరై రాయిని గీరుతుందని ఆమెకు తెలుసు. నూనె మరకల మీద ముల్తానీ మట్టి ముద్దలు పెట్టి, అవి ఎండి మరకను పీల్చుకునేదాకా ఆగింది. ఆగిందంటే, గదిలో పదిసార్లు అటూ ఇటూ తిరిగి, వీధిలోకి పోయి ఒంటెలవాడితో తగువాడి వచ్చింది. వార్నిష్‌ను మెత్తబరిచి చెక్కబద్దతో గీకింది. నలుపు కింద నుంచి రాయి బయటపడింది. పసుపు. తేనెలో వెన్న కలిపినట్టు.

ఆ సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా నేల మీద పడింది. అప్పుడు కనిపించింది ఆమెకు. నేల చదునుగా లేదు. గడప నుంచి పొయ్యి దాకా ఒక పల్లం, పొయ్యి నుంచి కుండ దాకా ఒకటి, అక్కణ్ణుంచి నమాజు చాప దాకా ఇంకొకటి. గోరు మునిగేంత లోతు. ఎండిపోయిన పిల్లకాలువల్లా నేలంతా మెలికలు తిరిగి ఉన్నాయి.

 ఇంత కష్టపడ్డాక ఈ వంకర నేలను చూపించి గోనె అడగాలా?

మర్నాడు జుమ్మన్‌ను బతిమాలి ఉస్తాద్ దగ్గరున్న, రాయిని అరగదీసే గ్రైండింగ్ మిషన్‌ను ఆటోలో తెప్పించింది. ఉస్తాద్ మిషన్లంటే మండిపడే మనిషేం కాదు. కొత్త ఇళ్లల్లో దానితోనే చేయించేవాడు.

"ఉస్తాద్‌కు చెప్పావా?" అన్నాడు జుమ్మన్.

"చెప్పేదేముంది? అరిగిపోయిన నేల అరిగిపోయినట్టే ఉంచితే మనమెందుకు?"

"నాకు తెలీదమ్మా. నాకసలే నడుం నొప్పి."

"నడుం నొప్పికీ దీనికీ సంబంధమేంటి?"

"ఏమీ లేదు. నన్నిందులోకి లాగకు అని," అంటూ ఆటో ఎక్కేశాడు.

మిషన్ మోగినంతసేపూ సఫూరాకు హాయిగా ఉండేది. ఆ చప్పుడులో మనసు చేసే గోల వినపడదు. పల్లాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. మైనం రాసి మెత్తటి గుడ్డతో రుద్దింది. పనైపోయాక గడప మీద నిలబడి చూస్తే, ఇంటి కప్పు మొత్తం నేలలో తలకిందులుగా కనిపించింది.

ఆమే పరుగెత్తి ఉస్తాద్‌ను పిలుచుకొచ్చింది. ఆమే పరుగెత్తి దాదీకి కబురు చెప్పింది. ఉస్తాద్ గుమ్మం బయటే నిలబడిపోయాడు. నేలను చూశాడు.  సఫూరా కళ్లు ఆయన భుజం మీది గోనె మీద ఉన్నాయి.

వీధి పొడుగునా జుబైదా చెయ్యి పట్టుకుని దాదీ వచ్చింది. గడప దగ్గరికి రాగానే కూతురి చెయ్యి విడిపించుకుంది.

"వదులు. ఇక నా ఇల్లే కదా," అంది.

చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టింది. రెండో అడుగు వేయబోయి ఆగింది. పాదాన్ని కుడికి జరిపింది, ఎడమకు జరిపింది. నేల మీద ఏదో పోగొట్టుకున్నదానిలా వేళ్లతో వెతికింది. మూడో అడుగు వేసేసరికి కాలు జారింది. చేతులు రెండూ గాల్లోకి చాపింది.

"జుబైదా," అంది. "ఇది ఎవరిల్లు?"

అప్పుడు సఫూరా మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. రెండు కళ్లలోనూ తెల్లగా పొర. ఎన్నేళ్లనాటిదో.

"మీ ఇల్లే దాదీ," అంది సఫూరా. 

"మా ఇంట్లో దారి ఉంటుందే అమ్మా. మా అత్తగారు నడిచింది, వాళ్ల అత్తగారు నడిచింది. చూపు పోయినా కాళ్లకు తెలిసేది." మళ్లీ పాదంతో వెతికింది. "ఎటు పోయింది?"

జుబైదా లోపలికొచ్చి తల్లిని పట్టుకుంది. "పొయ్యి దగ్గర కూడా ఇలాగే ఉంటే ఎలాగమ్మా? పడితే? ఇక మా ఇంటికి వచ్చెయ్. ఎన్నిసార్లు చెప్పాను."

"నా ఇంట్లోనే ఉంటాను."

"ఎలా ఉంటావు?"

 దాదీ గోడకు వీపు ఆనించి, అక్కడే చతికిలబడి కూర్చుంది.

సఫూరా ఉస్తాద్ దగ్గరికి వచ్చింది. సిగ్గు కోపంగా మారింది.

"ఆవిడకు చూపు లేదని నాకెందుకు చెప్పలేదు?"

"నీ ఎదురుగా నిలబడి చాయ్ ఇచ్చింది," అన్నాడు ఉస్తాద్.

 సఫూరా సంచిలోంచి ఉలి, సుత్తి తీసింది. "ఎక్కడెక్కడ ఉందో నాకు గుర్తుంది. సాయంత్రానికల్లా చెక్కేస్తాను. అంతే లోతు. మళ్లీ అలాగే చేసేస్తాను."

గడప పక్కన కూలబడి ఉలి నేల మీద ఆనించింది. ఉస్తాద్ వంగి ఆ ఉలిని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. సుత్తి కూడా. రెండింటినీ తన సంచిలో వేసుకున్నాడు.

తర్వాత లోపలికి వెళ్లి దాదీని లేపాడు. ఆవిడ చేతిని పట్టుకొచ్చి సఫూరా భుజం మీద పెట్టాడు.

"నడు," అన్నాడు.

"ఎక్కడికి?"

"పొయ్యి దాకా."

"ఎన్నాళ్లు?"

ఉస్తాద్ అప్పటికే వీధిలో ఉన్నాడు.

మొదటి రోజులు నరకం. దాదీ పొద్దున లేచింది మొదలు సఫూరా అక్కడ ఉండాలి. గడప నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి కుండకు, కుండ నుంచి చాపకు. ఆరడుగుల దూరానికి ఆవిడ తీసుకునే సమయంలో సఫూరా ఊరు దాటి వచ్చేది. కాళ్లు తామే ముందుకు ఉరికేవి. భుజం మీది చెయ్యి జారిపోయేది.

"అమ్మాయ్, ఒంటె ఎక్కినా ఇంత కుదుపుండదే," అనేది దాదీ.

"మీరు కాస్త తొందరగా నడవచ్చుగా?"

"నడిచి ఏం చేయాలి? పొయ్యి ఎక్కడికైనా పోతుందా?"

ఒకరోజు మధ్యాహ్నం సఫూరా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. బస్సు ఆగే చోట నిలబడింది. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, కండక్టరు రమ్మని కేకేశాడు. పొయ్యి మీద చాయ్ పెట్టి వచ్చిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. తిరిగి వచ్చేసరికి చాయ్ మొత్తం పొంగి నేలంతా మరకైంది. దాదీ గోడ పట్టుకుని, మంట ఆర్పాలని ఒక్కో అంగుళం పొయ్యివైపు జరుగుతోంది.

"వచ్చావా," అంది దాదీ. 

ఆ మరక మీద సఫూరా ముల్తానీ మట్టి పెట్టింది. అది ఎండేదాకా వీధిలోకి వెళ్లలేదు. మర్నాడు, జారుతోందని నేల మీది మైనం అంతా తుడిచేసింది. నేలలో కప్పు కనపడటం మానేసింది.

జుబైదా రోజూ వచ్చి గుమ్మంలోంచి చూసి పోయేది. మెల్లగా తల్లిని తన ఇంటికి రమ్మనే మాట ఎత్తడం మానేసింది.

రోజులు గడిచాయి. వేడిగాడ్పులు మొదలయ్యాయి. ఇసుక గుమ్మంలోకి వచ్చేది, సఫూరా ఊడ్చేది, మళ్లీ వచ్చేది. చీపురు గోడకు ఆనించడం ఎప్పుడు మానేసిందో ఆమె గమనించలేదు. దాదీ బరువు ఎప్పుడు ఏ కాలి మీదికి మారుతుందో భుజానికి తెలిసిపోయేది. మోకాలు నొప్పిగా ఉన్న రోజున ఆ చెయ్యి ఇంకాస్త బరువుగా ఉంటుందని కూడా.

ఒకరోజు దాదీ దారిలో ఆగింది.

"ఏమైంది దాదీ?"

"ఏం లేదు. నువ్వున్నావో లేవోనని. చప్పుడే లేదు."

ఆ వేసవి చివర ఉస్తాద్ అటుగా వచ్చాడు. గుమ్మం బయట నీడలో కూర్చున్నాడు. లోపల సఫూరా దాదీని కుండ దగ్గరి నుంచి తీసుకొస్తోంది. ఆయన వాళ్లిద్దరి కాళ్లనూ చూస్తూ ఉండిపోయాడు.

"ఉస్తాద్," అంది సఫూరా లోపలి నుంచే. "చేత్తో తడిమి చూస్తున్నాను రోజూ. రాయి మీద దారి ఇంకా పడలేదు. నా జన్మలో పడదేమో."

"పడకపోవచ్చు," అన్నాడు ఉస్తాద్.

"అయినా నడవాలా?"

"నువ్వు ఆగలేదుగా. నాతో మాట్లాడుతూ కూడా."

సఫూరా నవ్వింది. దాదీ కూడా నవ్వింది. వాళ్లు పొయ్యి దగ్గరికి చేరారు, చాయ్ పెట్టారు, దాదీ గ్లాసు నింపింది. ఆయనకిద్దామని ఇద్దరూ గుమ్మంవైపు మళ్లారు. దాదీ ఒక చేత్తో గ్లాసు పట్టుకుంది, రెండో చెయ్యి సఫూరా భుజం మీద ఉంది.

బయట నీడలో ఎవరూ లేరు. గడప మీద, సరిగ్గా అడుగు పడే చోట, మడతలు పెట్టిన పాత గోనె ఉంది. మోకాళ్లు ఆనిన రెండు చోట్లా అరిగి పలచబడి ఉంది.

సఫూరా దాన్ని చూసింది. నడక మారలేదు.

"గడప మీద ఏదో ఉంది దాదీ," అంది. "కాస్త ఎడమకు రండి. కాలికి తగులుతుంది."