తలలోకి పోయే చెయ్యి

అనగా అనగా, బంగారూ, సముద్రం ఒడ్డున ఇసుకలోనే ఇళ్ళు వేసుకున్న ఒక ఊళ్ళో నూకరత్నం అని పదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న పడవమీద చేపల వేటకు వెళ్ళేవాడు.

ఒకసారి గాలివాన పట్టుకుంది. నాన్న పడవ ఒకరోజు రాలేదు, రెండో రోజు రాలేదు, మూడో రోజూ రాలేదు. రత్నం ఒడ్డున కూర్చుని నీళ్ళవంకే చూస్తూ ఉంది. అప్పుడు తలలో చిన్న పొక్కు ఒకటి వేలికి తగిలింది. గిల్లింది. చురుక్కుమంది. ఆ చురుకు ఉన్నంతసేపూ భయం తెలియలేదు.

నాలుగో రోజు నాన్న వచ్చాడు. చెయ్యి మాత్రం తలలోంచి రాలేదు.

ఆ తర్వాత గాలి కాస్త విసురుగా వీస్తే చాలు, చెయ్యి తలలోకి పోయేది. పుండు మాని పెచ్చు కడితే ఆ పెచ్చూ పీకేది. ఎప్పుడు మొదలుపెట్టిందో తనకే తెలిసేది కాదు. గోళ్ళలో నెత్తురు చూసుకుని ఉలిక్కిపడేది. ఈ చెయ్యి నాది కాదేమో అని భయపడేది. రేపటినుంచి మానేస్తానని రోజూ అనుకునేది.

వాళ్ళమ్మ దానమ్మ జడ వేస్తూ ఇదేమిటే అని అడిగింది. పేలు కుట్టాయంది. మరోసారి అడిగితే దువ్వెన గీరుకుందంది. మూడోసారికి రూపాయి బిళ్ళంత మేర జుట్టే లేదు. దానమ్మ చేతిమీద ఒక్కటేసింది. అప్పుడు రత్నం బోర్లించిన పడవ చాటుకు పోయి ఇంకా ఎక్కువ గిల్లుకుంది.

చివరికి పుండు చీము పట్టింది. ఒళ్ళు కాలిపోయింది. దానమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ పుండు కడిగి మందు వేసింది. జ్వరం తగ్గాక మంచం పక్కన కూర్చుని, "ఎందుకు గిల్లుతావని అడగను తల్లీ. ఎప్పుడు గిల్లుతావో చెప్పు" అంది.

అలా ఎవరూ అడగలేదు మరి. రత్నం వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. గాలి లేచినప్పుడు అంది. నాన్న లేనప్పుడు అంది. ఆ తర్వాత ఇంకా మెల్లగా, అమ్మ కొట్టినప్పుడు అంది. దానమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఇది పొగరూ కాదు, దయ్యమూ కాదు, ఇలా చాలామందికి ఉంటుందని డాక్టరమ్మ నచ్చజెప్పింది. గోళ్ళు కత్తిరించమంది, గాలి లేస్తే తలకు మెత్తటి గుడ్డ కట్టమంది, వల అల్లే దారం చేతికిచ్చి ముడులు వేయించమంది. కొట్టొద్దంది. నెలనెలా రమ్మంది.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారమూ గడిచింది. మూడో వారం మళ్ళీ గిల్లేసింది. అమ్మ ఎక్కడ చూస్తుందోనని రోజంతా బిక్కుబిక్కుమంటూ తిరిగింది. దానమ్మ చూసింది. ఈసారి కొట్టలేదు, మందు రాసి గుడ్డ కట్టింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. నాన్న పడవ సముద్రంమీదే ఉంది. ముడిమీద ముడి వేస్తున్నా రత్నం చెయ్యి పైకి లేస్తూనే ఉంది. ఒడ్డున బోర్లించిన పడవ చాటుకు పోదామా అనిపించింది. పోలేదు. పొయ్యి దగ్గరున్న అమ్మ దగ్గరకు పరిగెత్తింది.

"అమ్మా, చెయ్యి తలలోకి పోతోంది. పట్టుకో."

దానమ్మ గరిటె పక్కన పడేసి రెండు చేతులూ పట్టుకుంది. అమ్మ చేతులు తన చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయని రత్నానికి అప్పుడు తెలిసింది. వాన వెలిసేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

నాన్న సాయంత్రానికి వచ్చాడు. జుట్టు రావడానికి మాత్రం ఏడాది పట్టింది. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ చెయ్యి పైకి లేస్తుందట. లేస్తే దాచుకోదట, ఎవరో ఒకరికి చెబుతుందట.

కథేమో నడిచింది కంచికి,
మనమేమో చేరాం మంచానికి.