గూడేనికి బండి

హరనాథ్‌కు వచ్చిన చిక్కు అందరికీ వచ్చేది కాదు. కొండెక్కే బండి కొనిపెడతామని ఒకరు ముందుకొచ్చారు. ఏ బండి కావాలో చెప్పడం అతనికి చేతకావడం లేదు.

బళ్ళ గురించి తెలియక కాదు. ఆశ్రమానికి రాకముందు చెన్నైలో ఒక కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేశాడు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది. ఏమీ తెలియనివాడైతే షోరూముకు పోయి, రంగు నచ్చినదానికి దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చేసుకునేవాడు.

ఆ ఆశ్రమం పాడేరు దాటాక ఒక కొండ మొదట్లో ఉంది. పేరుకు ఆశ్రమమే గాని అక్కడ జపం కంటే వైద్యం ఎక్కువ. ఆశ్రమం నడిపే బోధస్వామి ముందువైపు గదుల్లో మంచాలు వేయించి, తాను వెనకవైపు పాకలోకి మారిపోయాడు. పై గూడేల నుంచి జబ్బు పడినవాళ్ళను డోలీలో దింపుతారు. డోలీ అంటే ఏముంది, బలమైన వెదురు కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని నడవడం. వానాకాలంలో ఆ దిగుడు చూస్తే చూసినవాళ్ళకే కాళ్ళు వణుకుతాయి.

విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అది కళ్ళారా చూసింది. ఇంటికి వెళ్ళగానే కబురంపింది. "కొండెక్కే బండి ఒకటి ఇప్పిస్తాను స్వామీ. ఫలానాది అని చెప్పండి, చాలు."

స్వామి హరనాథ్ వంక చూసి, "నీ విద్యే కదా, చూడు నాయనా" అన్నాడు.

చూడమన్నాడు కదా అని హరనాథ్ చూడడం మొదలుపెట్టాడు. మాఘమాసంలో మొదలుపెట్టినవాడు ఎండలు ముదిరినా చూస్తూనే ఉన్నాడు.

నిజానికి బండి ఏదో మొదట్లోనే తేలిపోయింది. నాలుగు చక్రాలూ లాగే మొరటు బండి, ఆ కొండలకు అదే సరి. తేలనిదల్లా మిగతాది. దాంట్లో పెట్రోలు ఇంజనుంది, డీజిలు ఇంజనుంది. ఏ ఇంజను తీసుకున్నా మళ్ళీ కింది మోడలా, పై మోడలా అన్నది ఇంకో మెలిక. డీజిలు ఎంత ఎత్తయినా తొందరపడకుండా లాగుతుంది, కానీ లోపల అదురు. పెట్రోలు నున్నగా పోతుంది, కానీ ఎత్తు మీద గీపెడుతుంది, తాగుడూ ఎక్కువే. పై మోడల్లో దిగుడొస్తే తనంతట తానే బ్రేకు పట్టే ఏర్పాటుంది. వెనకవాళ్ళకూ చల్లగాలి వస్తుంది, ముందు పెద్ద తెర ఉంటుంది. కింది మోడల్లో ఆ సోకులేవీ లేవు. అయితే చెడిపోవడానికి ఉన్నవీ తక్కువే. దాని ఇనప చక్రం బండకు తగిలి వంగినా కమ్మరి సుత్తితో సరిచేసి ఇస్తాడు.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి డీజిలు, పై మోడలు అని తేల్చేసేవాడు. భోజనాల వేళకు పెట్రోలు మీదికి మనసు పోయేది. సాయంత్రం హారతికి గంట కొడుతూ, అసలు కింది మోడలే నయమేమో అనుకునేవాడు. ఒకసారి ఆ ఆలోచనలో పడి హారతి అయిపోయినా గంట ఆపలేదు. నర్సు నాగరత్నమ్మ వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"ఆ బండేదో వచ్చేదాకా ఈ గంట నా దగ్గరుంటుంది బాబూ. రోగులు లేచి కూర్చుంటున్నారు."

అందరూ నవ్వారు. హరనాథ్‌కు మాత్రం నవ్వు రాలేదు. వీళ్ళకేం తెలుసు, రేపు నడి కొండలో బండి మొరాయిస్తే అనిపించుకునేది నేను కదా అనుకున్నాడు.

వీళ్ళందరి కంటే అతనికి జవాబు చెప్పడం కష్టమైన మనిషి ఒకడున్నాడు. పై గూడెం బుద్రు. సంత రోజున పసుపు కొమ్ములు అమ్ముకుని, తిరిగి వెళుతూ ఆశ్రమం అరుగు మీద కావడి దించేవాడు.

"బండి ఎప్పుడొస్తాది సార్?"

"వచ్చేస్తుంది బుద్రూ. పై సంతకల్లా చెప్పేస్తాను."

పై సంత వచ్చేది, పోయేది. బుద్రు మళ్ళీ అదే అడిగేవాడు, హరనాథ్ మళ్ళీ అదే చెప్పేవాడు. ఒకసారి టార్కు అంటే ఏమిటో, అది ఏ ఇంజనుకు ఎంత ఉంటుందో కూడా వివరించి చెప్పాడు. బుద్రు పాపం మర్యాదగా తల ఊపుతూ విన్నాడు.

గూడెం వాళ్ళు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆశ్రమానికి బండి వస్తుందట అని చెవిన పడగానే ఇంటికొక మనిషి చొప్పున గునపం పట్టారు. కొండవాలు తొలుచుకుంటూ తారురోడ్డు నుంచి గూడెం దాకా మట్టిరోడ్డు వేసుకున్నారు. గునపానికి లొంగని బండ అడ్డొస్తే దాని మీద కట్టెలు పేర్చి మంట పెట్టడం, కాలినాక నీళ్ళు కుమ్మరించి పగలగొట్టడం. వేసవంతా వాళ్ళకు అదే పని. బుద్రు పెళ్ళాం సుకిరి కూడా, ఎంత వద్దన్నా వినకుండా తట్టతో మట్టి మోసింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

ముందటేడు వానల్లో ఆమెను డోలీలో దింపుతుంటే దారికి అడ్డంగా పారే గెడ్డ పొంగింది. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డున ఆగాల్సి వచ్చింది. బిడ్డ ఆ ఒడ్డు మీదే పుట్టి, ఆ ఒడ్డు మీదే కన్నుమూసింది. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు, హరనాథ్‌కూ తెలుసు.

మబ్బులు పట్టడం మొదలైన రోజుల్లో బుద్రు అరుగు మీద కూర్చుని ఇంకో మాట చెప్పాడు.

"కొత్త మట్టి గదా సార్. దాని మీద బండి తిరిగితేనే గట్టిపడతాది. తిరక్కపోతే వానొచ్చినాడే జారిపోతాది. సుకిరికి మల్లీ డోలీయే."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే హరనాథ్ కాగితాలన్నీ చంకన పెట్టుకుని స్వామి దగ్గరికి పోయాడు. స్వామి పాకలో కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నాడు.

"స్వామీ, నా వల్ల కావడం లేదు. మీరే ఒకటి చెప్పండి. మీ మాటే ఖాయం చేసుకుంటాను."

స్వామి ఈనెపుల్ల గుచ్చుతూనే అడిగాడు. "నువ్వు చెప్పేవాటిల్లో ఆ కొండ ఎక్కనిది ఏదన్నా ఉందా?"

"లేదు. అన్నీ ఎక్కుతాయి."

"లోపల మనిషిని పడుకోబెట్టడానికి వీలవుతుందా?"

"వెనక సీట్లు తీయించి పరుపు వేయిస్తాను. ఏ మోడలైనా ఫర్వాలేదు."

"మరింకేమిటి నాయనా?"

"ఏది అన్నిటికన్నా మంచిదో తేలాలి కదండీ!" హరనాథ్ గొంతు పెరిగింది. "ప్రాణాలతో పని. ఇంత చదువుకుని, ఇన్నేళ్ళు ఆ కంపెనీలో పనిచేసి, తక్కువరకం బండి ఎంచానంటే నన్ను నేను క్షమించుకోగలనా?"

స్వామి కుట్టిన విస్తరి పక్కన పెట్టి, కాసేపు అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపులో వెక్కిరింపు లేదు.

"సరే. షోరూము వాళ్ళని అడిగి, నడిపి చూడ్డానికి ఓ బండి తెప్పించు. గూడెం దాకా ఎక్కించి చూద్దాం."

హరనాథ్‌కు ప్రాణం లేచొచ్చింది. అదీ పద్ధతంటే! కాగితాల మీద ఎన్నాళ్ళు చూస్తే ఏం లాభం, రోడ్డు మీద చూడాలి గాని. షోరూములో కామేశ్ అని ఒక సేల్స్ ఆయన ఉన్నాడు. ఇన్నాళ్ళుగా హరనాథ్ ఫోనంటేనే నీరసపడిపోతున్న ఆ మనిషి, రెండోమాట లేకుండా ఒప్పుకున్నాడు.

అనుకున్న రోజున గురుశిష్యులు పొద్దున్నే నడిచి గూడెం ఎక్కారు. కామేశ్ వెనకాల బండి తీసుకుని రావాలి. వీళ్ళు చేరేసరికి బుద్రు, అతని తమ్ముడు వెదురు కర్రకు దుప్పటి కట్టి సిద్ధంగా నిలబడి ఉన్నారు.

"డోలీ ఎందుకు? ఎవరికన్నా బాగాలేదా?" అని కంగారుపడ్డాడు హరనాథ్.

"నీకే," అన్నాడు స్వామి. "బండి దాకా రోగి ఎట్లా వస్తాడో అది కూడా నీ పరీక్షలో ఉండాలి కదా. ఎక్కు."

మాట సబబుగానే తోచింది. కంపెనీలోనూ బండిలో మనిషి బదులు బొమ్మల్ని కూర్చోబెట్టి పరీక్షించేవాళ్ళు. హరనాథ్ చెప్పులు విడిచి దుప్పట్లోకి దిగాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క ఊపున భుజానికెత్తారు. గూడెం పిల్లలు కేరింతలు కొట్టారు. ఒక ముసలమ్మ "సారుకి నొప్పులొచ్చాయర్రా!" అనేసరికి ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

లోపల మాత్రం నవ్వులాట కాదు. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలాయి. నడుం విల్లులా వంగిపోయింది. దుప్పటి రెండు పక్కల నుంచీ మూసుకుని, మధ్యలో ఒక చారెడు ఆకాశం మిగిలింది. బుద్రు అడుగు వేసినప్పుడల్లా వెన్నుపూస కలుక్కుమంటోంది.

అట్లా గూడెం చివర మట్టిరోడ్డు అందుకునే చోటికి తెచ్చి ఆగారు.

"కింద మలుపు దగ్గర నిలబడతాను. బండి రాగానే పంపిస్తాను," అని స్వామి కర్ర పొడుచుకుంటూ దిగిపోయాడు.

బండి జాడ లేదు. మబ్బు చాటు నుంచి ఎండ బయటికొచ్చి సూటిగా ముఖం మీద పడింది. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి బయటికి రావడం లేదు. కాళ్ళు మొద్దుబారాయి. బుద్రు తమ్ముడి ఊపిరి పెద్దగా వినిపిస్తోంది.

"బుద్రూ, కాసేపు దించండయ్యా. నేను నిలబడి ఉంటాను, మీరూ సేద తీరండి."

"దించకూడదు సార్," అన్నాడు బుద్రు. "డోలీ ఎత్తినాక మజ్జిలో నేల తగలకూడదు. తగిలితే ఆ ప్రాణం ఆడే ఉండిపోతాదంటారు. బండికాడే దించుతాం."

"నాకేం జబ్బు లేదు కదయ్యా."

"అయినా సరే సార్."

హరనాథ్‌కు గెడ్డ ఒడ్డున నీళ్ళు తగ్గేదాకా ఎలా నిలబడ్డారో అడగాలనిపించింది. అడగలేదు.

తల కాస్త పక్కకు తిప్పితే దుప్పటి అంచు మీదుగా దడి కనిపించింది. దడి పట్టుకుని సుకిరి నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుం మీద వేసుకుంది. అందరూ డోలీలో ఉన్న సారును చూస్తున్నారు. ఆమె ఇటు చూడడం లేదు. రోడ్డు మలుపు వంకే చూస్తోంది.

కింది నుంచి ఇంజను చప్పుడు వినిపించింది.

"వచ్చింది! వచ్చేసింది బుద్రూ!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు హరనాథ్. చప్పుడు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, మలుపు అవతలే ఆగిపోయింది. తలుపు తెరిచిన చప్పుడు, కామేశ్ నమస్కారం పెడుతున్న గొంతు. ఆ తర్వాత ఏవో మాటలు. మాటలు సాగుతూనే ఉన్నాయి. బండి మాత్రం కదలడం లేదు.

బుద్రు భుజం మార్చుకున్నాడు. డోలీ ఊగి, హరనాథ్ తల కర్రకు ఠంగున తగిలింది.

"స్వామీ!" అని గొంతు చించుకున్నాడు. "బండి వచ్చిందా?"

"వచ్చింది నాయనా," స్వామి గొంతు తాపీగా వచ్చింది.

"మరి పైకి పంపించరేం? వీళ్ళ భుజాలు పడిపోతున్నాయి ఇక్కడ!"

"పంపిస్తాను, ఆగు. ఇది పెట్రోలో డీజిలో అడుగుతున్నాను."



హరనాథ్‌కు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. తనకు ఎప్పుడూ లేనంత కోపం ఒకటి లోపల పుట్టింది. అది స్వామి మీద కాదు. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో నీళ్ళు. ఏది ఏదో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. దడి దగ్గర సుకిరి ఇంకా మలుపు వంకే చూస్తోంది.

"కామేశ్ గారూ!" అని పిలిచాడు. గొంతు బొంగురుపోయింది. "మీ దగ్గర ఈ రోజుకి సిద్ధంగా ఉన్న బండి ఏది?"

కామేశ్ తడుముకున్నాడు. "ఈ రోజుకంటే... డీజిలు కింది మోడలు ఒకటుంది సార్. ఎవరూ అడక్క యార్డులోనే ఉండిపోయింది. కానీ మీకు పై మోడల్లో పెట్రోలు కావాలంటే ఆషాఢం దాటాక..."

"అదే ఇవ్వండి."

"అంటే, తెర అదీ ఉండదు సార్..."

"అదే పంపించండి. ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా."

మలుపు అవతల బండి తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత స్వామి కామేశ్‌తో అంటున్న మాట కొండవాలు మీదుగా స్పష్టంగా వినిపించింది.

"ఇంక పోనీ బాబూ. పైన నెలలు నిండిన మనిషి ఉంది."