గజం దారం

షుంపేయి పన్నెండేళ్లు హర్డిల్స్ పరిగెత్తాడు. ట్రాక్ మీద తన రెండు గీతల మధ్య తన పది హర్డిల్సే తప్ప, ముందు ఇంకో మనిషి ఉండేవాడు కాదు. జపాన్ మొత్తంలో రెండో స్థానం దాకా వచ్చాడు. దూకి దూకి మోకాలు మొరాయించాక, ఇరవై ఏడో ఏట సైకిల్ పందేల శిక్షణశాలలో చేరాడు.

కాళ్ళ బలంలో అతనికి సాటి లేరు. అయినా ప్రతి పందెంలోనూ ఆఖరివాడే! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మొదట్లోనే ముందుకు దూకి గాలికి ఎదురెళ్ళేవాడు. మిగతావాళ్ళు అతని చాటున హాయిగా వచ్చి, చివరి చుట్టులో దాటిపోయేవారు.

రేపే ఆఖరి పరీక్ష. మొదటి ముగ్గురిలో లేకపోతే ఇంటిదారి పట్టాల్సిందే.

"ఒకరి వెనక నక్కి రావడం నా వల్ల కాదు గురువుగారూ," అన్నాడు.

అరవై దాటిన ఇవసాకి గురువు జేబులోంచి కుట్టుదారం తీశాడు. ఒక కొస తన సైకిల్ సీటుకీ, రెండో కొస షుంపేయి సైకిల్ హ్యాండిల్‌కీ కట్టాడు. మధ్యలో గజం దారం.

"తెగకూడదు. వేలాడకూడదు. పద."

ఆ సైకిళ్ళకు బ్రేకులుండవు. సగం చుట్టుకే దారం తెగింది. మలుపులో మళ్ళీ తెగింది. గురువు విసుక్కోకుండా ముడి వేస్తూనే ఉన్నాడు. షుంపేయి ఇక దారాన్ని వదిలి గురువు భుజాలనే చూడసాగాడు. ఉన్నట్టుండి చెవుల్లో హోరు ఆగింది.

"గురువుగారూ! గాలి లేదు!" అని కేక పెట్టాడు.

"ఉందిరా. నాకు తగులుతోంది."

మర్నాడు పందెంలో షుంపేయి ముందు తోటి శిష్యుడు కుబోతా ఉన్నాడు. ఇద్దరి చక్రాల మధ్య జానెడు ఎడం. చివరి చుట్టు గంట మోగింది. దూకు, దూకు అని కాళ్ళు పోరు పెట్టాయి. షుంపేయి పళ్ళు బిగించి ఆగాడు. ఆఖరి మలుపులో కుబోతా భుజాలు వాలాయి. ఇప్పుడే! పక్కకు తప్పుకుని తొక్కాడు, ప్రాణం పెట్టి తొక్కాడు. ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని దాటేశాడు. మొదటివాడు అతనే!

సంతోషం పట్టలేక గురువు దగ్గరికి పరుగెత్తాడు. "గెలిచాను గురువుగారూ!"

గురువు నీళ్ళ సీసా అందించాడు. షుంపేయి మూత తీసి నోటి దాకా తెచ్చుకున్నాడు.

"నీకు కాదు," అన్నాడు గురువు.

ట్రాక్ అంచున కుబోతా తల వంచుకుని రొప్పుతున్నాడు. అతను నాలుగోవాడు.

షుంపేయి సీసాకు మూత పెట్టి, అటు నడిచాడు.