పైడమ్మ చప్పట్లు

దా, కాళ్ళు ముడుచుకుని పడుకో. దుప్పటంతా నువ్వే లాక్కోకు, నాకూ చలేస్తుంది. చెప్పనా మరి?

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఎంత పక్కనంటే, వాకిట్లో ముగ్గేస్తే అల వచ్చి చూసి పోయేది. ఆ ఊళ్ళో అందరూ చేపలు పట్టేవాళ్ళే. ఆ ఊళ్ళోనే పైడమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకి ముత్యాలు అని ఒక కూతురు.

చలికాలం వచ్చిందంటే సముద్రం మీద మంచు కమ్మేసేది. పడవలో ఉన్నవాళ్ళకి ఒడ్డు ఎటుందో తెలిసేది కాదు. అప్పుడు పైడమ్మ ఇత్తడి పళ్ళెం పట్టుకుని ఒడ్డున నిలబడేది. టం టం... టం. టం టం... టం. ఆ చప్పుడు పట్టుకుని పడవలు ఇంటికొచ్చేవి.

దానికో పద్ధతుంది, విను. చప్పుడు విన్నవాళ్ళు ఊరుకోకూడదు. "ఓయ్, వత్తన్నాం" అని గట్టిగా పలకాలి. ఆ పలుకు వినపడేదాకా పళ్ళెం ఆపకూడదు. వాన పడ్డా ఆపకూడదు, చెయ్యి నొప్పెట్టినా ఆపకూడదు. పైడమ్మ ఎన్నడూ ఆపలేదు.

ఆ తర్వాత ఏమైందంటే, ఊళ్ళో సైరన్ పెట్టారు. మీట నొక్కితే అదే కూస్తుంది. మంచిదే కదా, ఎంతో దూరం వినిపిస్తుంది. పైడమ్మ కూడా మంచిదేలే అంది. పళ్ళెం తీసుకెళ్ళి గోడకి తగిలించింది. అప్పట్నుంచి ఆమె మాట తగ్గిపోయింది, తిండి తగ్గిపోయింది. పొద్దస్తమానం తన చేతులు తను చూసుకుంటూ కూర్చునేది.

"ఏటయ్యిందమ్మా?" అని కూతురు అడిగితే, "నా సప్పుడు ఇంకెవుడికి కావాలే" అనేది. అమ్మ మళ్ళీ మునుపటి అమ్మ అయితే చాలు, ఇంకేమీ వద్దనుకుంది ముత్యాలు. పెద్ద పట్నం చూపిస్తే మనసు తేలికపడుతుందేమోనని తల్లిని రైలెక్కించి హైదరాబాదు తీసుకెళ్ళింది.

ముందు చార్మినార్ చూపించింది. పైడమ్మ తలెత్తి చూసింది, చూసింది, చూస్తూనే ఉంది. కొంగు జారి భుజం మీద పడ్డా చూసుకోలేదు. "అంతెత్తున కూకుని కట్టినోళ్ళకి కళ్ళు తిరగలేదేటే?" అంది. అన్నాళ్ళకి తల్లి నోట ఒక ముక్క వినపడేసరికి ముత్యాలు ఎంత సంతోషపడిందో.

పక్కనే గాజుల బజారు. వీధి వీధంతా గాజులే. ఎర్రవి, పచ్చవి, అద్దాలు పొదిగినవి. దీపాలు పడి అవి మెరుస్తుంటే పైడమ్మ నడవడం మరిచిపోయి నిలబడిపోయింది. అప్పుడు ముత్యాలు, "ఓ జత ఏసుకో అమ్మా" అంది. అంతే, ముసలమ్మ చేతులు కొంగులో దాచేసుకుంది.

"ఈ సేతులకి గాజులేటి? పద" అంది.

ఆ తర్వాత సాలార్ జంగ్ మ్యూజియంకి వెళ్ళారు. అక్కడో పెద్ద గడియారం ఉంది. గంట గంటకీ దాంట్లోంచి బుల్లి గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. నిజమే, నేనూ చూశాను. ఆయన కోసం జనమంతా బడిపిల్లల్లాగా వరసగా కూర్చుని ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. వీళ్ళూ కూర్చున్నారు. మూడయింది. ఆయన వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్.

పైడమ్మ లేచి నిలబడింది. "ఓయ్, వత్తన్నాం" అని గొంతెత్తి పలికింది.

నవ్వకు. అక్కడ అందరూ నవ్వారు, ఇక్కడ నువ్వూనా? ముత్యాలుకి తల కొట్టేసినట్టయింది. తల్లి చెయ్యి పట్టి కిందికి లాగి, "అమ్మా, ఊరుకో, అందరూ సూత్తన్నారు" అంది.

"పిలిస్తే పలకొద్దేటే? కొట్టినోడి గుండె ఎలా కొట్టుకుంటాదో నాకు తెలుసు" అంది పైడమ్మ. ఆ తర్వాత బస్సులో కిటికీలోంచి బయటికి చూడనైనా చూడలేదు. ముత్యాలుకి ఎంత బాధేసిందో చెప్పలేను. సంతోషపెడదామని తీసుకొచ్చి తానే చిన్నబుచ్చింది కదా.

మూడోది గోల్కొండ. అబ్బ, అదేం కోటనుకున్నావు. రాళ్ళు ఒక్కోటి ఏనుగంత. తలుపులకి ఇనుప మేకులు, గోడల వెనక గోడలు, ఆ వెనక కొండ, ఆ కొండ కొసన ఆఖరి మేడ. మెట్లు చూడగానే పైడమ్మ మోకాళ్ళు పట్టుకుని వాకిలి దగ్గరే కూర్చుండిపోయింది. అప్పుడు అక్కడి గైడు ఒకాయన చెప్పాడు.

"అమ్మా, ఈ గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన కొండ మీద ఇనవడ్తది. రాజుల కాలంల ఎవరన్న వస్తే గట్లనే కబురు పంపేటోళ్ళు."

పైడమ్మ కొండకేసి చూసింది. తన చేతులకేసి చూసింది. "మా సముద్రం మీద ఇత్తడి పళ్ళేనికే సచ్చీ సెడీ ఇనబడేది. ఒట్టి సేతులకి అంత దూరమా?" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "ఎల్లవే ముత్యాలూ. ఇనబడతాదేమో సూడు" అంది.

ముత్యాలు ఎక్కింది. ఎక్కి, ఎక్కి, ఆయాసపడి పైకి చేరింది. పైన గాలి ఒక్కటే హోరు. చుట్టూ పట్నమంతా పరుచుకుని ఉంది, దాని చివర ఆకాశం. కింద మనుషులు ఆవగింజల్లా ఉన్నారు. వాళ్ళల్లో అమ్మ ఎవరో తెలియలేదు. ఎవరెవరివో చప్పట్లు వినిపించాయి, ఆగిపోయాయి. అమ్మ చేతుల్లో అంత సత్తువ ఎక్కడిది, వినపడకపోతే ఏం చెప్పాలి అని ముత్యాలు భయపడింది.

అప్పుడు వినపడింది. టప్ టప్... టప్.

అదే వరస. ముత్యాలు చిన్నప్పుడు మంచులో తండ్రి పడవలో కూర్చుని విన్న వరస. అన్ని గోడలూ దాటి, ఆ కొండంతా ఎక్కి, చెవి పక్కనే కొట్టినట్టు వచ్చింది. చుట్టూ ఉన్న జనాన్ని మరిచిపోయి, "ఓయ్, వత్తన్నాను" అని గట్టిగా అరిచింది.

కానీ గాలి ఆ మాటని ఎత్తుకుపోయింది. కింద చప్పట్లు ఆగలేదు. టప్ టప్... టప్. టప్ టప్... టప్. ముత్యాలుకి అప్పుడు గుర్తొచ్చింది. పలుకు వినపడేదాకా అమ్మ ఆపదు.

ఇంక చూడు, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీద పరుగే పరుగు. సగం దిగేసరికి చప్పుడు వినపడలేదు. అమ్మకేమయిందో అనుకుంది. ఇంకా దిగింది, ఇంకా దిగింది. మలుపు తిరగ్గానే మళ్ళీ టప్ టప్... టప్. గుమ్మటం కింద పైడమ్మ నిటారుగా నిలబడి కొడుతోంది. అరచేతులు కందిపోయాయి. గైడు చాలమ్మా చాలంటున్నా ఆమె వినడంలేదు. చూడ్డానికొచ్చిన జనమంతా కొండని వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

అంతమందిలో, అంత దూరంనుంచే, ముత్యాలు గొంతు చించుకుని పలికింది.

"ఓయ్, వత్తన్నానమ్మా."

చేతులు ఆగాయి.

"ఇనబడిందేటే?" అంది పైడమ్మ.

"ఇనబడిందమ్మా. కొండ కొసనుంచి ఇన్నాను. నీ సప్పుడేనని తెలిసిపోయింది."

పైడమ్మ తన అరచేతులు రెండూ ముఖం దగ్గరికి తెచ్చుకుని, చార్మినార్‌ని చూసినట్టు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు, ముత్యాలు కళ్ళల్లోనూ నీళ్ళే. ఆ తర్వాత ముసలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆ గాజుల బజారు ఇంకా తెరిసుంటాదేటే? నాకు గాజు గాజులే కావాలి. సప్పుడు సేసేవి" అంది.

అంతే కథ.

గలగల గాజులు చేతికెక్కాయి,
టపటప చప్పట్లు కొండెక్కాయి,
పైడమ్మ రైలెక్కి పల్లెకెళ్ళింది,
కథమ్మ నడుచుకుంటూ కంచికెళ్ళింది,
మనమేమో మన ఇంట్లో మంచమెక్కాం,
కళ్ళు మూసి నిద్దర కొండెక్కేద్దాం.

టప్ టప్... టప్.

పలికావా? సరే. ఇంక నేనూ పడుకుంటాను.