పంటులో చోటు

అనగనగా ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది, అమ్మలూ. నలభై మూడేళ్ళు. పని ఆపినప్పుడల్లా లేసు సూదిని కొప్పులో గుచ్చుకోవడం ఆవిడ అలవాటు. ఈ కథలో రాజు లేడు. ఉన్నా మనకి పనికొచ్చేవాడు కాదు.

ఆ ఊరు గోదారి ఒడ్డున ఉంది. అక్కడ ఆడవాళ్ళంతా అరుగుల మీద కూచుని తెల్లదారంతో లేసు అల్లేవారు. నూకరత్నం అల్లిన పువ్వులు ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఒక ఏడాది ఏమైందంటే, ఆ పువ్వులు చిన్నవైపోవడం మొదలుపెట్టాయి. మొదటి పువ్వు రూపాయి బిళ్ళంత, ఐదోది చింతగింజంత, పదోది కందిగింజంత. ఆవిడ పెద్దగానే అల్లుతున్నాననుకునేది. వేళ్ళు వినేవి కావు. ఆ తర్వాత నడక బిగుసుకుంది. ఆ తర్వాత ముఖం బిగుసుకుంది. లోపల నవ్వొచ్చినా పెదాలు కదిలేవి కావు.

వేళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆడది నవ్వడం మానేస్తే మాత్రం ఊరంతటికీ కావాలి. అత్త అప్పాయమ్మ పొగరంది. మొగుడు సత్తిబాబు బద్ధకమన్నాడు. పక్కింటావిడ చేతబడి అంది.

అప్పుడు నూకరత్నం పంటెక్కింది. పంటు అంటే తెలుసుగా, మనుషుల్నీ సైకిళ్ళనీ మేకల్నీ ఒకేసారి ఏరు దాటించే పెద్ద పడవ. అవతలి గట్టున ఆసుపత్రిలో డాక్టరు నూకరత్నం చేత వేళ్ళాడించాడు, నడిపించాడు, పేరు రాయించాడు. ఇది పార్కిన్సన్స్ అనే జబ్బు అన్నాడు. మెదడులో డోపమైన్ అని ఒకటుంటుందట, అమ్మలూ. అది ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుంది. వేలు కదలమనే కబురు, అడుగు వెయ్యమనే కబురు, పెదవి విచ్చమనే కబురు. నూకరత్నం మెదడులో అది తగ్గిపోయింది. కబురందక ఒళ్ళు ఆగిపోతోంది, అంతే. పొగరూ కాదు, బద్ధకమూ కాదు, చేతబడీ కాదు.

డాక్టరు రోజుకి మూడు మాత్రలు రాశాడు. తిండికి ముందు వేసుకోమన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆడమనిషికి ఎందుకో చెబితే నోరు అరిగిపోతుందనుకున్నాడో ఏమో.

ఇంటికొచ్చాక అప్పాయమ్మ ఆ మాత్రలు చూసి భయపడింది. ఇంగ్లీషు మందు వేడి, ఉత్తి కడుపున వేస్తే పేగులు మాడిపోతాయంది. ఆ ఇంట్లో ఏ మాత్రైనా పాలతోనే మింగాలి. పైగా మగవాళ్ళు తినందే ఆడవాళ్ళు మెతుకు ముట్టకూడదు. అందుకని అందరి భోజనాలూ అయ్యి, ఆఖర్న నూకరత్నం కూడా తిన్నాక, అప్పాయమ్మ చిక్కటి గేదెపాలు గ్లాసు నిండా తెచ్చి మాత్ర మింగించేది. తిట్టేదీ ఆవిడే, మీగడ దాచిపెట్టేదీ ఆవిడే.

మొదటి నెల ఏమీ మారలేదు. రెండో నెల అప్పాయమ్మ పాలల్లో గుడ్డు కూడా కొట్టి ఇచ్చింది. నూకరత్నం ఇంకా బిగుసుకుంది. మూడో నెల, దారమిచ్చి లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు సరుకు తిప్పికొట్టి, ఇక దారం ఇవ్వనన్నాడు. అప్పుడు సత్తిబాబు, ఈ మందు పనిచెయ్యదని తేలిపోయింది, ఈ షీటు అయిపోగానే మానెయ్, పుట్టింట్లో దింపేసొస్తాను అన్నాడు. షీటులో పది మాత్రలున్నాయి.

మర్నాడు పొద్దున్న ఒక మాత్ర మింగి, నూకరత్నం ఎవరికీ చెప్పకుండా పంటెక్కింది. డాక్టరు ఇంకా రాలేదు. మందులిచ్చే కిటికీ దగ్గర సువార్తమ్మ అనే ఆవిడ ఉంది. మందు ఎందుకు పనిచెయ్యడం లేదో చెప్తేగాని కదలనని నూకరత్నం ఆ కిటికీ పట్టుకుని నిలబడింది. దేంతో మింగుతున్నావని సువార్తమ్మ అడిగింది. పాలూ గుడ్డూ అని వినగానే నెత్తి కొట్టుకుంది.

"మెదడుకి దారి నువ్వొచ్చిన పంటు లాంటిదే అనుకో," అంది సువార్తమ్మ. "డోపమైన్ తనంతట తాను మెదడులోకి దాటలేదు. అందుకని మాత్రలో దాని ముడిసరుకు పెడతారు. అది అవతలి గట్టుకి చేరాకే డోపమైన్ అవుతుంది. పాలు, గుడ్డు, పప్పు, వీటిలో ఉండే మాంసకృత్తులు కూడా అరిగాక ఆ పంటే ఎక్కాలి. నువ్వు ఆ గుంపునంతా ముందే ఎక్కించేశావు. నీ మందు రేవులో నిలబడిపోయింది తల్లీ."

వేళ తప్పకుండా, ఉత్తి నీళ్ళతో మింగమంది. అరగంట ఆగి తినమంది. ఇంకా ఆలస్యం చేస్తే నీకు కడుపులో తిప్పుతుందని కూడా చెప్పింది.

ఇంటికి తిరిగొచ్చి, ఆ మధ్యాహ్నం పన్నెండింటికి నూకరత్నం మాత్ర నీళ్ళతో మింగింది. పన్నెండున్నరకి కంచంలో అన్నం పెట్టుకుని కూచుంది. సత్తిబాబూ, అతని తమ్ముడూ అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. మగాళ్ళింకా తినలేదు, నీకు మతిగాని పోయిందా అన్నాడు సత్తిబాబు.

నూకరత్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అప్పుడు చెప్పింది.

"నా మాత్రకి గడియారం తెలుసు. ఎవరు మగో ఎవరు ఆడో దానికి తెలీదు."

సత్తిబాబు అరిచాడు. అరుస్తుంటే ఆవిడ చారు పోసుకుంది. అప్పాయమ్మ మాత్రం పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ నేను పోసింది విషమా అని అడిగింది.

"పాలు మంచివే అత్తా, పంటులోనే చోటు లేదు," అంది నూకరత్నం. "పడుకోబోయే ముందు ఇయ్యి, తాగుతాను."

మొదటి రోజు గడప దాటడానికి గోడ పట్టుకోలేదు. రెండో రోజు వేళ్ళు కాస్త వదులై సూది తిరిగింది. మూడో రోజు కోడిపెట్ట ఒకటి వచ్చి సత్తిబాబు కంచంలో కాలు పెట్టింది. నూకరత్నం పకపకా నవ్వింది.

సత్తిబాబు వీధిలోకెళ్ళి మా రత్నం నవ్విందర్రా అని చాటాడు. తానే నవ్వించినట్టు. ఆ తర్వాత లోపలికొచ్చి, ఇక నలుగురిలో ఇలాగే నవ్వుతూ ఉండు, పుట్టింటి మాట మర్చిపో అన్నాడు.

"ఇన్నాళ్ళూ నవ్వలేకపోయాను," అంది నూకరత్నం. "ఎప్పుడు నవ్వాలో ఇక నేను చూసుకుంటాను." అని చెప్పి, కొత్త షీటు తెచ్చుకోడానికి రేవుకి వెళ్ళింది.

జబ్బు పోయిందా అంటావా? పోలేదు, అమ్మలూ. నీకు అబద్ధం చెప్పను. మాత్ర బలం తగ్గే వేళకి మళ్ళీ బిగుసుకునేది. కానీ బలం ఉన్న గంటలు ఆవిడవి. ఆ గంటల్లో పువ్వులు మళ్ళీ పెద్దవయ్యాయి, ఏజెంటు మళ్ళీ దారం ఇచ్చాడు.

ఆ తర్వాత నూకరత్నం, నవ్వడం లేదని మొగుళ్ళు వదిలేసిన ఇద్దరు ఆడవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఒకామెకి అదే జబ్బు. రెండో ఆమెకి ఏ జబ్బూ లేదు, నవ్వడానికి మొగుడింట్లో ఏమీ ఉండేది కాదంతే. ఆమెని తిరిగి పంపలేదు. తన అరుగు మీద కూచోబెట్టి చేతికి దారం ఇచ్చింది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి,
తాళం లేదు మన నోటికి,
పద పోదాం మనింటికి.